అయిదు కాళ్ళ మేక

వర్షర్తువు చరమభాగమున జలభారమంతయు విడిచి తేలికపడిన మేఘములు ఉద్దానపు కొబ్బరితోటల శిరములమీదుగా తూర్పుసముద్రమువైపు మెల్లమెల్లగా సాగిపోవుచుండ, ముందునాటి వానకు నిండి పొంగిన గెడ్డ ఎఱ్ఱమట్టినీటిని మోసికొనుచు జీడితోపుల నడుమ ఘోషించుచుండ, తడిసిన పెంకుటిండ్లనుండి లేచిన వంటపొగ ఆకసమునకెక్కలేక చూరులయందే చిక్కుకొని తారాడుచుండ, కొర్లవానిపేట ప్రాథమికోన్నత పాఠశాలలో పదిగంటల గంట మ్రోగెను. పిల్లలందఱును తరగతులలోనికి పరుగిడిరి. తెలుగు పండితుడగు పైల దాలినాయుడు మాస్టారు మాత్రము ఉపాధ్యాయుల గదిలో కంప్యూటరు ఎదుట చేతులు కట్టుకొని కూర్చుండి దాని ప్రత్యుత్తరమునకై వేచియుండెను.

ఈ దాలినాయుడు మాస్టారెవరో చదువరులకు ముందుగా విన్నవింపవలసియున్నది. ముప్పదియొక సంవత్సరములనుండి నల్లబల్లమీద ఆయన వ్రాసిన వ్రాతలో తప్పు చూపినవాడు ఆ మండలమున పుట్టలేదు. పెండ్లిశుభలేఖ నీయవచ్చిన బంధువునకు ఆ శుభలేఖనే ఎఱ్ఱసిరాతో దిద్ది మరల చేతికిచ్చి పంపిన ఘనుడాయన. ఆ బంధువు పెండ్లికి రమ్మన్నమాట వెనుకకు తీసికొనెనో లేదో మనకు తెలియదు. ఆయన తరగతిలో బాలబాలికలు చేతులు కట్టుకొని నిలుచుటయు చెప్పిన పద్యమును ముక్తకంఠముగా వల్లించుటయుదప్ప వేఱొక శబ్దమే వినరాదు. అట్టి మహానుభావునకు ఆంగ్లభాషాబోధన ఎట్లు అంటుకొనెనందురా? ఆంగ్లోపాధ్యాయుడు ఆషాఢమాసమున బదిలీయై పోయెను. ఆ స్థానము ఖాళీగానే నిలిచెను. ప్రధానోపాధ్యాయుడు నలువంకలు చూచి మఱియెవ్వరును కానరాక ఆ పాఠ్యపుస్తకమును తెచ్చి దాలినాయుడు మాస్టారి బల్లమీద పెట్టి గిరుక్కున తిరిగి వెడలిపోయెను.

అంతటితో తీరిన బాగుండెడిది. సోమవారమున మండలకార్యాలయమునుండి ఒక లేఖ వచ్చెను. మండల విద్యాధికారిణి సత్యవాణిగారు శుక్రవారమున విచ్చేసి ఎనిమిదవ తరగతి ఆంగ్లపాఠమును స్వయముగా చూతురట. పిల్లలు ఆ భాషలో నోరు మెదపలేనిచో ఆ తరగతిని వెంటనే గెడ్డకావలి యున్నతపాఠశాలలో విలీనము చేయుదురట. లేఖలో గెడ్డ అను మాట ఎచ్చటను లేదు. గెడ్డమీద వంతెనకు స్తంభములు మాత్రము లేచినవి; వచ్చు వేసవికి పూర్తియగునని కంట్రాక్టరు చెప్పుచుండెను. అంతవఱకు వానకాలమున అది నిలువులోతు, తక్కిన కాలమున మొలలోతు. రెండేండ్ల క్రిందట పై తరగతికి పోవలసిన ఆడపిల్లలు పండ్రెండుగురిలో ఆ నీరు దాటి చదువుకొన్నవారు ముగ్గురే. తక్కిన తొమ్మండుగురును జీడిపిక్కలు కొట్టు షెడ్డులలో కూర్చుండిరి. మాస్టారు దినదినమును ఆ షెడ్డు ముందునుండియే బడికి నడచును. ఆయనను చూడగనే ఒకతె జీడిరసమునకు నల్లబడిన వ్రేళ్ళను పమిటచాటున దాచుకొనును. ఇప్పుడు ఎనిమిదవ తరగతిలోని ముప్పదినలుగురిలో ఆడపిల్లలు పందొమ్మండుగురు. ఒక్క యేడు వారినిచ్చట నిలుపగలిగిన చాలును, వంతెన వచ్చును.

అందుచేతనే మాస్టారు, ఎన్నడో శిక్షణాతరగతిలో ఎవరో వ్రాసియిచ్చిన చీటీని పెట్టెయడుగునుండి వెదకి తీసి, ఆంగ్లబోధనోపకరణములన్నియు నొక్కచోట కూర్చిన ఆన్‌లైను గ్రంథాలయమును కంప్యూటరుపై తెఱచెను. తెఱచినంతనే తెల్లని పుటపై పొడవైన గడి యొకటి కనబడెను. కావలసినదానిని అందు వ్రాయవలెనని మాస్టారు గ్రహించెను. గ్రహించినది సరియే. వ్రాసిన తీరే వేఱు. ముప్పదియొక సంవత్సరములలో సెలవుచీటీ మొదలు బదిలీ విజ్ఞాపనవఱకు ఆంగ్లమున ఆయన వ్రాసినవన్నియు అర్జీలే. కావున ఆ గడిలో గ్రంథాలయాధికారిగారిని సగౌరవముగ సంబోధించి, తన పేరును ఉద్యోగమును సేవాకాలమును వివరించి, కొర్లవానిపేట భౌగోళికస్థితిని వర్ణించి, తరగతి దీనావస్థను విన్నవించి, తగిన పాఠమొకటి దయచేయించిన యావజ్జీవము కృతజ్ఞుడనై యుందునని ముగించి, చివర తన సంతకమునకు బదులు పేరు వ్రాసి మీట నొక్కెను. ఫలితములు శూన్యమని జవాబు వచ్చెను. అధికారిగారు పనియొత్తిడిలో నున్నారేమో యనుకొని మాస్టారు ఆనాటికి ఊరకుండెను. మంగళవారమున వినయము చాలలేదేమోయని మఱికొన్ని విశేషణములు చేర్చి పంపెను. మరల శూన్యమే. బుధవారము ఉదయమున, ఇంతకుముందు తన వ్రాతలో ఏదేని అవినయము దొర్లియున్నచో క్షమింపగోరుచు మూడవ విజ్ఞాపన పంపి, ఇదిగో ఇట్లు చేతులు కట్టుకొని కూర్చుండెను.

అప్పుడు మధ్యాహ్నభోజనము వండు చిన్నమ్మడు గుమ్మమున నిలిచెను. ఏ తరగతికెందఱు వచ్చిరో దినమును ఈ వేళకు ప్రతి గురువునడిగి లెక్క తెలిసికొనిన పిదపనే ఆమె ఎసటిలో బియ్యము పోయును.

"మేస్టారూ, ఎనిమిదిలో ఎంతమందండి ఇయ్యాల? ఏటి, సోమారంకాడ నుంచీ ఆ పెట్టికేసే సూత్తన్నారు?"

"ముప్పదినలుగురును వచ్చిరి చిన్నమ్మడూ. ఈ గ్రంథాలయమువారికి మూడు విజ్ఞాపనలు పంపితిని. ఒక్కదానికైనను పలుకరైరి" అని మాస్టారు ఆవేదనతో పలికి తాను వ్రాసినదంతయు తెలుగున విడమరచి వినిపించెను.

చిన్నమ్మడు బుగ్గన వ్రేలుంచుకొని సాంతము వినెను. "ఓలమ్మో! అంత కత సెప్తే ఎవుడిస్తాడండి? నాను కొట్టుకాడికెల్తే మా అత్త సంగతీ మా ఇంటి సంగతీ సెప్తానేటి? పప్పు అంటాను. ఎంతమందికో సెప్తాను. ఎంతసేపట్లో ఉడకాలో సెప్తాను. ఇంటికాడ ఏటి నేదో అదీ సెప్తాను. ఆడు తీసిచ్చెత్తాడు. మీకేటి కావాలండి అసలు?"

మాస్టారు ఆలోచించెను. "పిల్లలు మాటాడవలెను."

"మరదే రాయండి" అని చెప్పి ఆమె ఎసరు మఱగుచున్నదని వెడలిపోయెను.

మాస్టారు సంబోధనను చెఱిపెను. కృతజ్ఞతను చెఱిపెను. తన పేరును చెఱుపునప్పుడు మాత్రము ఒక్క నిముషము చేయి ఆడలేదు. పిదప మాటాడుట అను అర్థముగల ఒకే యొక ఆంగ్లపదమును ఆ గడిలో నిలిపి మీట నొక్కెను. మూడువేల నాలుగువందల పాఠములు వఱదవలె వచ్చి పడెను. అమ్మో యనుకొని ఆయన కుర్చీ వెనుకకు జరిపెను. కాని పుటకెడమప్రక్కన చిన్నచిన్న గళ్ళు కనబడగా చిన్నమ్మడి మాటలు తలపునకు వచ్చెను. ఎంతమందికి? ముప్పదిమందికి మించినవారికి. ఏ వయసువారికి? పదుమూడేండ్లవారికి. ఎంతసేపట్లో? నలుబది నిముషములలో. ఇంటికాడ ఏది లేదు? అచ్చువేయు యంత్రము లేదు, తెర లేదు, నల్లబల్లయు సుద్దముక్కయు కలవు. ఒక్కొక్క గడిలో గుర్తు పెట్టినకొలదియు ఆ వేలు వందలై, వందలు పదులై, తుదకు ఏడు పాఠములు మిగిలెను. ఆఱింటిని చదివి త్రోసిపుచ్చెను. ఏడవది తెఱచి చదివి, చదివినది సరిగా తెలిసినదోలేదోయని మరల చదివెను.

అందు చెప్పిన విధానమిది. గురువు నల్లబల్లవైపు తిరిగి నిలువవలెను. పిల్లలకు మాత్రమే ఒక బొమ్మ తెలిసియుండవలెను. దానినెట్లు గీయవలెనో వారు ఆంగ్లమున గురువునకు ఆజ్ఞాపింపవలెను. గురువు తప్పు గీయవలెను. వారు దిద్దువఱకు నోరు మెదపరాదు.

"తప్పా! నేనా!" అని దాలినాయుడు మాస్టారు బిగ్గరగా అనెను. గదిలో ఎవ్వరును లేరు కనుక ఎవ్వరును వినలేదు.

అయినను గురువారమున ప్రయత్నించి చూచెను. ఒక మేకబొమ్మను పిల్లలకు చూపించి తాను బల్లవైపు తిరిగెను. గురువును ఆజ్ఞాపించుటయే! పిల్లలు గుడ్లప్పగించి ఒకరినొకరు చూచుకొనిరి. చివరకెవరో భయపడుచు "గోట్ సార్" అనిరి. అంతటితో మాస్టారి చేయి ఆగలేదు. కొమ్ములు చెవులు గడ్డము గిట్టలు సహా చక్కని మేక నొకదానిని గీసి తిరిగి చూచెను. పిల్లలు చేతులు కట్టుకొని "యెస్ సార్" అని ఏకకంఠముగా పలికిరి. తక్కిన ముప్పదియైదు నిముషములు ఏమి చేయవలెనో ఎవ్వరికిని తోచలేదు. మాస్టారు మరల కంప్యూటరుకడకు వచ్చి ఆ పాఠమును తుదివఱకు చదివెను. పుటకడుగున ఏ దేశపు ఉపాధ్యాయురాలో తన యనుభవమును వ్రాసియుండెను. నాలుగు నిముషములు ఎవ్వరును మాటాడలేదు, నేనును మాటాడలేదు, అయిదవ నిముషమున మాటాడిరి, అని అంతియే. తన వలెనే నల్లబల్లకెదురుగ నిలిచి చెమటలు గ్రక్కిన మనిషి మఱొకతె కలదని తెలిసి మాస్టారికి కొంత ధైర్యము చిక్కెను.

శుక్రవారమున సత్యవాణిగారు చెప్పిన వేళకే వచ్చి, వెనుక బల్లపై కూర్చుండి గడియారము విప్పి ఎదుట పెట్టుకొనిరి. మాస్టారు చేయవలసినది ముక్తసరిగా చెప్పి, బొమ్మను పిల్లలకు చూపి దాచి నల్లబల్లవైపు తిరిగెను. మేక దేహమును గీసెను. కొమ్ములతో తల గీసెను. ముందు రెండు కాళ్ళు వెనుక రెండు కాళ్ళు గీసెను. పిదప ముప్పదియొక సంవత్సరముల కీర్తిని కడుపుక్రింద నిలువుగీతగా దించి అయిదవ కాలు గీసెను.

నిశ్శబ్దము. ఒక నిముషము గడచెను. రెండు గడచెను. వెనుక అధికారిణిగారు బల్లపై కదలిన చప్పుడు వినబడెను. ఇంతకాలమును తానే నోళ్ళు నొక్కిన పిల్లలు ఇప్పుడు తన కొఱకు తెఱువవలెనన్న తెఱతురా యని మాస్టారికి తొలిసారి సిగ్గు కలిగెను. మూడవ నిముషమున అనుకొనని భయమొకటి పట్టుకొనెను: పందొమ్మండుగురు జీడిషెడ్డులో వరుసగా కూర్చున్నట్లు కన్నులకు కట్టెను. తిరిగి చెప్పివేయుదునాయని మెడ సగము త్రిప్పెను. మరల పండ్లు బిగబట్టి బల్లవైపే నిలిచెను.

"నో సార్."

ఆ గొంతు మూడవ వరుసలోని యామినిది. జూను నెలనుండి ఆ పిల్ల గొంతు హాజరు పలుకునప్పుడుదప్ప ఆయన వినియుండలేదు. మాస్టారు చెవిటివానివలె నిలిచి ఆఱవ కాలు గీసెను.

"నో నో సార్! ఫోర్ లెగ్స్! ఓన్లీ ఫోర్!" అని యామిని లేచి నిలిచెను. చేతులు కట్టుకొనుట మఱచెను. "రబ్ ఇట్ సార్!"

మాస్టారు కాళ్ళు తుడుచుటకు బదులు కొమ్ము నొకదానిని తుడిచి తోకను తలకు తగిలించెను. ఇంక చూడవలెను! తరగతియంతయు గొల్లుమని నవ్వి ఒక్కసారిగ విరుచుకొనిపడెను. కాళ్ళు తుడువుమని కొందఱు, కొమ్ము మరల పెట్టుమని కొందఱు, తోక తలకు కాదు వెనుకకని కొందఱు, వచ్చినంత ఆంగ్లముతో, రానిచోట చేతులతో, గురువును గద్దించుచు అదలించుచు బుజ్జగించుచు ఆ మేకను మేకగా చేయువఱకు వదలలేదు. గంట మ్రోగినను కూర్చుండినవాడు లేడు.

సత్యవాణిగారు గడియారము చేతికి పెట్టుకొనుచు మాస్టారి దగ్గరకు వచ్చిరి. "మాస్టారూ, మీరు మాట్లాడిన మాటలు లెక్కపెట్టాను. పదకొండు. వాళ్ళవి కూడా లెక్కపెడదామనుకున్నాను. కుదరలేదు."

"అమ్మా, మఱి తరగతి?" అని మాస్టారు అడిగెను.

"వంతెన అయ్యేదాకా ఇక్కడే ఉంటుంది. అలాగే రాస్తున్నాను" అని ఆమె అక్కడనే నిలిచి వ్రాసి సంతకము చేసిరి. కిటికీవద్ద గరిటెతో నిలిచియున్న చిన్నమ్మడు "హమ్మయ్య" అని పైకే అనివేసి వంటపాకవైపు పరుగిడెను.

మఱునాడు శనివారము. మొదటి గంట తెలుగుపద్యము. మేకను తుడుచుటకు ఎవ్వరికిని మనసురాక అది నల్లబల్లమీద ఒక మూలనే యుండెను. మాస్టారు యథాప్రకారము గంభీరముగ ప్రవేశించి బల్లపైభాగమున వారమును తేదీని వ్రాసి, గొంతు సవరించుకొని, పద్యము నందుకొనెను. రెండవ పాదములో యామిని లేచెను.

"సార్, తప్పండి."

పద్యము ఆగెను. తరగతి బిగుసుకొనెను. మాస్టారు మెల్లగా వెనుదిరిగి చూచెను. బల్లమీద వారము శనివారమే. తేదీ మాత్రము నిన్నటిది. ముప్పదియొక సంవత్సరములలో ఇది మొదటిది. ఈ తప్పును ఆయన ఏ గ్రంథాలయమునను వెదకి తెచ్చుకొనలేదు. ఆ పిల్ల కూర్చుండలేదు, చేతులును కట్టుకొనలేదు. మాస్టారు గుడ్డ తీసికొని తేదీని తుడిచి సరిగా వ్రాసెను. పిదప సుద్దముక్కను పట్టుకొని ప్రక్కకు తొలగి నిలిచి, "ఇంకేమైన కలదా?" అని అడిగెను.

ముప్పదినలుగురును నల్లబల్లను పైనుండి క్రిందివఱకు వెదకసాగిరి.