పొట్ట నాది

“అమ్మకి ఆకలేస్తోందేమో చూడు” అన్నాడు మా ఆయన, పేపర్లోంచి తల ఎత్తకుండా.

అత్తయ్య ఆయనకి మూరెడు దూరంలో కుర్చీలోనే ఉంది. పక్షవాతం వచ్చాక మాట కాస్త ముద్దగా వస్తుందే గాని అర్థమవుతుంది. ఆమెనే అడగొచ్చు. కానీ మా ఇంట్లో ఎవరి ఆకలైనా నా మీదుగానే వెళ్ళాలి. గిన్నెలు తోముతున్నదాన్ని చేతులు కడుక్కుని, డబ్బాలోని పొడి నీళ్ళలో కలిపి, సిరంజి తీసుకుని వెళ్ళాను. అత్తయ్య నన్ను కాదు, కొడుకునే చూస్తోంది. ఆ చూపులో కోపం లేదు. ఈ పిల్లవాడికి ఏదో నేర్పడం మర్చిపోయానే అన్నట్టు ఉంది.

పక్షవాతం ఆమె ఎడమ చేతినీ, మింగే శక్తినీ తీసుకుపోయింది. గుక్కెడు నీళ్ళు తాగినా పొరబోయి ఊపిరితిత్తుల్లోకి వెళ్ళేవి. కొన్ని వారాలు ముక్కులోంచి వేసిన గొట్టంతో నెట్టుకొచ్చాక, పొట్ట గోడకి చిన్న రంధ్రం చేసి నేరుగా కడుపులోకే గొట్టం పెడదామన్నాడు డాక్టరు. మంచానికి అటొకరు ఇటొకరు నిలబడి మా ఆయనా, మా మరిదీ వాదించుకున్నారు. ఈ వయసులో కోత ఎందుకని ఒకరు, వచ్చేపోయేవాళ్ళు చూస్తే ఏమనుకుంటారని ఇంకొకరు. డాక్టరు కూడా వాళ్ళ మొహాలే చూస్తున్నాడు. అత్తయ్య కుడిచేత్తో మంచం ఊచ మీద గట్టిగా తట్టింది.

“పొట్ట నాది. నాతో మాట్లాడండి.”

ముగ్గురూ ఆమె వైపు తిరిగారు. నొప్పి ఎంతుంటుందో, స్నానం చెయ్యొచ్చో లేదో, మింగడం మళ్ళీ వస్తే తీసేస్తారో లేదో ఒక్కొక్కటీ నిదానంగా అడిగి, జవాబులన్నీ విని, అయితే పెట్టండి అంది. నేను ఫ్లాస్కు పట్టుకుని గోడవారగా నిలబడ్డాను. అత్తాకోడళ్ళం గనక ఉప్పూకారాల దగ్గర మాకూ తగవులు లేకపోలేదు. కానీ ఆ రోజు ఆమెని చూస్తుంటే నా వెన్ను దానంతటదే నిటారయింది. పెళ్ళయ్యాక ఈ ఇంట్లో దేన్నైనా నాది అని అంత ధీమాగా అన్నానా?

గొట్టంలోంచి మొదటిసారి ఆహారం పోసినప్పుడు నాకే కళ్ళు చెమర్చాయి. ఆమె మాత్రం, “ఇన్నాళ్ళూ నాలిక పేచీలు పెట్టేది. ఇప్పుడు కడుపుకే నేరుగా బేరం. మధ్యలో దళారీ లేడు” అని నవ్వింది.

దళారీ లేడుగాని, పోసే మనిషి కావాలి కదా. నేను ఉద్యోగానికి పెట్టిన సెలవు పొడిగించమన్నాడు మా ఆయన, కుదరకపోతే మానెయ్యమన్నాడు. వదిన చేతిలో పెడితే మాకు నిశ్చింత అన్నాడు మరిది. పొగడ్తని మించిన గుదిబండ లేదు. నేను వర్క్‌షాపులో క్రేన్ నడుపుతాను. పైకప్పు కింద పట్టాల మీద తిరిగే క్రేన్ అది. ఆ చిన్న గదిలో కూర్చుని నేను చెయ్యి కదిపితే టన్నుల ఇనుము గాల్లోకి లేచి, చెప్పిన చోట మెత్తగా దిగుతుంది. ఆ చేతి విలువ ఇంట్లో కూరలో ఉప్పు సరిపోయిందా లేదా అన్న దగ్గరే ఆగిపోతుంది.

ఈలోగా గొట్టం పక్కనుంచి కొద్దిగా తడి ఊరుతోందని, అది కదలకుండా బయట పట్టి ఉంచే బిళ్ళని చర్మానికి అతుక్కునేలా బిగించేశాడు మా ఆయన. నొప్పిగా ఉందిరా అంటే అలవాటవుతుందిలే అన్నాడు. రెండు రోజుల్లో ఆ చోటు ఎర్రగా వాచి చీము పట్టింది. బిళ్ళ కాస్త వదులుగా ఉండాలనీ, బిగిస్తే గొట్టం లోపలి కొసన ఉండే బొడిపె కడుపు గోడలోకి దిగబడిపోతుందనీ, గొట్టాన్ని రోజూ ఒకసారి మెల్లగా తిప్పాలనీ ఆసుపత్రిలో నర్సు చెప్పింది. ఇంటికి రాగానే అత్తయ్య చేతి అద్దం అడిగింది. పుండు తగ్గేలోపే ఆ చోటు కడగడం, తుడవడం, గొట్టం తిప్పడం నేర్చేసుకుంది. తర్వాత సిరంజిని స్టాండుకి కట్టించి, ఒంటిచేత్తో తనే పోసుకోవడం మొదలుపెట్టింది. మొదటిరోజు సగం ఒళ్ళో ఒలికింది. తుడవబోతే నా చెయ్యి పట్టుకుని ఆపింది.

“నువ్వు డ్యూటీకి వెళ్ళు. నాకు కోడలు కావాలి గాని గరాటు కాదు.”

వెళ్ళాను.

ఒక మధ్యాహ్నం కుర్చీలోంచి లేస్తుంటే గొట్టం కుర్చీ చేతికి తగులుకుని మొత్తంగా ఊడి వచ్చేసిందట. ఆ రోజు ఇంట్లో ఉన్నది మా ఆయనే. కంగారుపడి నాకు ఫోను చెయ్యబోతే అత్తయ్య వద్దందట. అది పైన క్రేన్‌లో ఉంటుంది, ఇనుము గాల్లో వేలాడుతుంటుంది, చెయ్యి వణికితే కింద మనుషులున్నారు, నువ్వున్నావుగా అందట. రంధ్రం మీద శుభ్రమైన గుడ్డ అదిమిపెట్టుకుని, కొన్ని గంటల్లోనే పూడుకుపోతుంది నడవరా అని కొడుకుని బయల్దేరదీసింది. రంధ్రం మూసుకోకముందే కొత్త గొట్టం వేశారు.

సాయంత్రం నేను వచ్చేసరికి ఆమె ప్రశాంతంగా ఉంది, ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. “అందుకే ఎవరో ఒకరు ఇంట్లో ఉండాలంటాను” అన్నాడు నాతో. ఆ ఎవరో ఒకరు ఎవరో మా ఇంట్లో అందరికీ తెలుసు.

“నువ్వున్నావు కదరా” అంది అత్తయ్య. “బాగానే చేశావు. గొట్టం ఊడింది గాని ఇల్లు కూలలేదు.”

ఆయన తన చేతులకేసి చూసుకుంటూ కూర్చున్నాడు. అవి కూడా ఒక పని చేశాయని అప్పుడే తెలిసినట్టు.

ఆ రోజే వర్క్‌షాపులో పెద్ద క్రేన్‌కి నన్ను అడిగారు. ఇంట్లో కనుక్కుని చెప్తానని వచ్చాను. వరండాలోకి వెళ్ళి సూపర్‌వైజరుకి ఫోను చేసి, పెద్ద క్రేన్ నడుపుతానని చెప్పాను.

“ఇంట్లో అడిగావా అమ్మా?” అన్నాడు.

అడిగానన్నాను. నేను అడిగింది నన్నే.