కొప్పు కెమెరా, సబ్బుబిళ్ళ కెమెరా

నా మెడలో రెండు ఎముకలు అరిగాయి. ముప్పై ఏళ్ళు పెళ్ళిళ్ళలో కెమెరా మోసిన మెడకు అది మామూలేనని మహబూబ్‌నగర్‌లో డాక్టర్ చెప్పాడు. మామూలైన దానికి ఫీజు ఎందుకు తీసుకున్నాడో మాత్రం చెప్పలేదు. "బరువన్న వదిలిపెట్టు, పనన్న వదిలిపెట్టు" అన్నాడు. పని వదిలిపెడితే నేనెవరినో నాకు తెలియదు. కల్వకుర్తి బస్టాండు నుంచి మార్కెట్ యార్డు దాకా నన్ను అందరూ "ఫొటో దామోదరన్నా" అనే పిలుస్తారు. అందులోంచి ఫొటో పోతే ఉత్త దామోదర్ మిగులుతాడు. వాడితో నాకు పెద్దగా పరిచయం లేదు.

కాబట్టి బరువే వదలాలి. ఆ మాట ముందు అన్నది మా బిడ్డ స్వర్ణ. డిగ్రీ అయ్యాక మా ఫొటో స్టూడియోలోనే కూర్చుని ఆల్బమ్‌లు డిజైన్ చేస్తోంది.

"బాపూ, ఇప్పుడు మిర్రర్‌లెస్ కెమెరాలు వచ్చినయి. చిన్నగుంటయి. లెన్స్ గూడ మార్చుకోవచ్చు. నీ కెమెరా బరువుల సగం గూడ ఉండయి."

"గంత చిన్నదాంతోని తీస్తే నన్నెవడన్న ఫొటోగ్రాఫర్ అంటడా?"

"మెడకు పట్టీ ఏసుకొని మూలకు కూసుంటే అంటరా?"

పిల్లకు నోరు వాళ్ళమ్మ పుష్ప దగ్గర్నుంచి వచ్చింది. నా దగ్గర్నుంచి ఏం వచ్చిందో అప్పటికి నేను ఆలోచించలేదు.

మహబూబ్‌నగర్‌లో ఫైసల్ కెమెరాల దుకాణం మా ఫొటోగ్రాఫర్లందరికీ పుట్టింటి లాంటిది. ఫైసల్ గాజుబల్ల మీద రెండు కెమెరాలు పెట్టాడు. ధర దాదాపు ఒకటే. ఒకదానికి పాతకాలపు కెమెరాల మాదిరిగా నెత్తిన చిన్న ఉబ్బు ఉంది, ముడేసిన కొప్పులాగా. నొక్కితే టక్కుమని చప్పుడు కూడా వస్తుంది. రెండోది పైనా కిందా చదునుగా ఉంది. సబ్బుబిళ్ళకు లెన్స్ బిగించినట్టుంది. దాన్ని నొక్కితే చప్పుడే లేదు. కొప్పుదానికి బ్యాటరీ ఎక్కువసేపు వస్తుంది. సబ్బుబిళ్ళ తెర ఎటంటే అటు తిరుగుతుంది. కొప్పుది చేతిలో పట్టుకుంటే నలుగురిలో మర్యాదగా ఉంటుంది. సబ్బుబిళ్ళ జేబులో పడుతుంది, అంటే మర్యాద కూడా జేబులోనే ఉంటుంది. గంటసేపు అటు తిప్పి ఇటు తిప్పి చూశాను.

"రెండూ ఫస్టే అన్నా" అన్నాడు ఫైసల్.

"రెండూ ఫస్టయితే సెకండేది?"

"గట్ల కాదు గని, రెండూ తీస్కపో. ఒక ఫంక్షన్ చేసి చూడు. నీకు ఏది మంచిగనిపిస్తే అది ఉంచుకో, ఇంకోటి తెచ్చియ్యి. ఫికర్ చెయ్యకు."

ఆ వారమే మా పక్క ఊళ్ళో జానయ్య ఇంట్లో ఫంక్షన్ ఉంది. జానయ్యకు మూడొందల గొర్లు, ఒక్కతే బిడ్డ. పెళ్ళయిన ఆ బిడ్డ ఉమారాణిని పుట్టింట్లో పీట మీద కూర్చోబెట్టి ఒడిలో బియ్యం పోస్తున్నారు, మా వైపు ఒడిబియ్యం అంటాం. పరీక్ష న్యాయంగా జరగాలని రెండు కెమెరాలకూ ఒకే సెట్టింగులు పెట్టాను. ఒక మనిషి ఏకకాలంలో రెండు కెమెరాలతో తీయలేడు గనక కొప్పుది నేను ఉంచుకుని సబ్బుబిళ్ళ స్వర్ణ చేతిలో పెట్టాను.

"నేను యాడ నిలబడితే ఆడ నిలబడు. నేనేది తీస్తే గదే తియ్యి. సొంత తెలివి పెట్టకు" అని గట్టిగా చెప్పాను.

పది నిమిషాలు చెప్పినట్టే చేసింది. తర్వాత వంటల దగ్గర ఒకసారి, అరుగు మీద ముసలమ్మల మధ్య ఒకసారి, మళ్ళీ ఉమారాణి పీట పక్కన నేల మీద ఒకసారి కనిపించింది. పిలిచి తిట్టాలనుకున్నాను. బ్యాటరీ ఎంతసేపు వస్తుందో తెలుస్తుంది కదా అని ఊరుకున్నాను.

మా దగ్గర ఆల్బమ్‌కు ఫొటోలు ఏరేది ఇంటివాళ్ళే. కుటుంబమంతా స్టూడియోకు వచ్చి కంప్యూటర్ ముందు కూర్చుంటారు. ఇది ఉండాలె, అది వద్దు అంటూ ఉంటే స్వర్ణ టిక్కులు పెడుతుంది. ఈ టిక్కుల దగ్గర చెడిన చుట్టరికాలు నాకు తెలుసు. జానయ్య వాళ్ళు వచ్చినప్పుడు రెండు కెమెరాల ఫొటోలూ కలిపేసి పెట్టించాను. ఏది ఏ కెమెరాదో చెప్పలేదు. వాళ్ళు వంద ఏరారు. వెళ్ళాక లెక్క చూస్తే కొప్పుదానివి పంతొమ్మిది, సబ్బుబిళ్ళవి ఎనభై ఒకటి.

ఇంతకంటే నికార్సయిన పరీక్ష ఏ లేబరేటరీలోనూ జరగదు. రెండూ ఫైసల్ దుకాణానికి తీసుకుపోయి, కొప్పుది తిరిగిచ్చి, సబ్బుబిళ్ళను అతని చేత కొత్త డబ్బాలో పెట్టించి కొనుక్కున్నాను. ఆ రాత్రి మెడ కింద దిండు లేకుండా నిద్రపోయాను. నా పని నాకు దక్కిందని సంతోషం. నిజంగా సంతోషమే, దాచడానికేం లేదు.

తర్వాత వచ్చింది సిమెంటు దుకాణం పరశురాములు కొడుకు పెళ్ళి. ఒక్క కెమెరాకు ఇద్దరెందుకని స్వర్ణను స్టూడియోలోనే ఉంచి ఒక్కడినే పోయాను.

మా పెళ్ళిళ్ళలో కానుక చేతికిచ్చినంత మాత్రాన ఇచ్చినట్టు కాదు. ఫొటోలో పడితేనే ఇచ్చినట్టు. కవరును పెళ్ళికొడుకు సగం, ఇచ్చేవాళ్ళు సగం పట్టుకుని కెమెరా వైపు చూస్తారు. టక్కుమని చప్పుడైతే వదిలేస్తారు. సబ్బుబిళ్ళకు చప్పుడు లేదు. నేను తీశాను. వాళ్ళు వదల్లేదు. ఇంకోటి తీశాను. అయినా వదల్లేదు. స్టేజీ మెట్ల మీద వరుస పెరిగి హాలు తలుపు దాకా పోయింది.

"దామోదరన్నా, కెమెరా తియ్యరాదే, ఎంతసేపు ఫోన్ చూస్తవ్?" అని అరిచాడు పరశురాములు.

"గిదే కెమెరా!"

"గిదా?" అన్నాడు. ఆ రెండక్షరాలకు నా ముప్పై ఏళ్ళూ సరిపోయాయి. అప్పట్నుంచి ప్రతి ఫొటోకూ నేనే నోటితో "అయ్యింది, దిగుండ్రి" అని అరిచాను.

టిక్కుల రోజు పరశురాములు కుటుంబం మూడు గంటలు కూర్చుంది. రెండొందలు ఏరాల్సిన చోట అరవై దగ్గర ఆగిపోయారు. "అందరు బడిల నిలబెట్టినట్టు నిలబడ్డరు గదనే" అంది పరశురాములు భార్య. తర్వాత కొంచెం మొహమాటంగా, "జానయ్యోళ్ళయి మంచిగొచ్చినయి. గా కెమెరా లేదా ఇప్పుడు?" అని అడిగింది. స్వర్ణ కీబోర్డు మీద లేని దుమ్ము తుడుస్తోంది.

నాకు విషయం అర్థమైంది. ఫైసల్ కెమెరా మార్చాడు. పరీక్షకు మంచి పీసు ఇచ్చి, కొనేటప్పుడు పాడు పీసు అంటగట్టాడు. మర్నాడు పొద్దున్నే మొదటి బస్సెక్కి మహబూబ్‌నగర్ పోయాను. ఫొటోలన్నీ పెన్‌డ్రైవ్‌లో తీసుకుపోయాను, సాక్ష్యం కావాలి కదా.

ఫైసల్ కోపం తెచ్చుకోలేదు. రెండు ఫంక్షన్ల ఫొటోలూ తన కంప్యూటర్‌లో పక్కపక్కన తెరిచాడు. ఫొటో లోపల కెమెరా నంబరు దాగి ఉంటుంది. రెండింటిలోనూ అది చూపించాడు. కెమెరా అడుగున ఉన్న నంబరు చూపించాడు. మూడూ ఒకటే.

"పీసు గదే అన్నా."

"మరి గివి గిట్ల, గవి గట్ల ఎందుకున్నయి? నడుమల దానికేమైంది?"

"కెమెరాకు ఏం గాలే" అన్నాడు. చాయ్ కప్పు కింద పెట్టాడు. "జానయ్య ఇంట్ల గిది ఎవరి చేతుల ఉన్నది?"

"మా స్వర్ణ చేతుల. ఉత్తగ పట్టుకున్నది."

ఫైసల్ ఎప్పుడు ఊరుకోవాలో తెలిసిన వ్యాపారి. తెర మీద ఒక ఫొటో పెద్దది చేసి, గల్లా దగ్గరికి పోయి ఎవరితోనో మాట్లాడుతూ నిలబడ్డాడు.

ఒడినిండా పసుపు బియ్యం, ఎండుకొబ్బరి కుడకలు మూటగట్టుకుని ఉమారాణి పీట మీద నుంచి లేస్తోంది. బరువుకు కొంచెం తూలింది. జానయ్య ఒక చేత్తో ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. రెండో చెయ్యి ఆ మూట కింద పెట్టాడు, బిడ్డ మీద ఆ బరువు పడకుండా. అతను ఎవరి వైపూ చూడటం లేదు. మూడొందల గొర్లను ఒక్క కేకతో తిప్పే మనిషి, పెదవి కొరుక్కుని నిలబడి ఉన్నాడు.

ఆ క్షణంలో నేను అక్కడే ఉన్నాను. బారెడు దూరంలో. నేను తీసిన ఫొటో కూడా ఉంది, పక్కనే తెరిచాను. అందులో జానయ్య గుంజలా నిటారుగా ఉన్నాడు. రెండు చేతులూ కిందికి ఉన్నాయి. సూటిగా నన్నే చూస్తున్నాడు. ఎందుకంటే నేను "జానయ్యా, ఇటు చూడు" అన్నాను. బిడ్డ బరువు పట్టుకున్న చేతుల్ని నేనే విడిపించాను.

ఫోన్‌లో కెమెరా ఉందని మురిసే వాళ్ళకు ముప్పై ఏళ్ళు కాకపోయినా పదేళ్ళ నుంచి ఒక మాట చెబుతున్నాను, ఫొటో తీసేది కెమెరా కాదు, మనిషి అని. నమ్మకుండానే చెప్పానన్నమాట. నాకు కుళ్ళు పుట్టింది. కన్నబిడ్డ మీద, ఫైసల్ దుకాణంలో, పట్టపగలు. గర్వం కూడా ఉంది గానీ అది బస్సు జడ్చర్ల దాటాక వచ్చింది.

ఇంటికొచ్చి స్వర్ణతో, "ఇగ నుంచి ఫొటోలు నువ్వే తియ్యి" అన్నాను. ఎందుకని అడుగుతుందేమోనని కారణాలు నాలుగు సిద్ధం చేసుకున్నాను. అడగలేదు. "సరే బాపూ" అంది. ఆ అమ్మాయికి జానయ్య ఫొటో తీసిన రోజే తెలుసు. నేను తెలుసుకునేదాకా ఆగింది.

ఆ ఆదివారం చెన్నయ్య అనే మాస్టారు బిడ్డ పెళ్ళికి ఇద్దరం పోయాం. పెద్దమనుషులు అలవాటు కొద్దీ నాకే కుర్చీ వేశారు, నాకే ముందు చాయ్ ఇచ్చారు. ముహూర్తం దగ్గరపడింది. చెన్నయ్య మాస్టారు కంగారుగా నా దగ్గరికి వచ్చాడు. "దామోదరన్నా, లే, షురూ చెయ్యి."

"షురూ అయ్యి అర్ధగంటయింది సార్" అన్నాను.

ఆయన చుట్టూ చూశాడు. కెమెరా ఎక్కడా కనపడలేదు. నేను చేతులు ఖాళీగా పెట్టుకుని మండపం దగ్గరికి నడిచాను. పెళ్ళిపిల్ల తల్లి, బిడ్డ వంచిన తల మీద పువ్వు సర్దుతోంది. చూడగానే నా నోరు అలవాటుగా తెరుచుకుంది, "అమ్మా, ఇటు చూడుండ్రి" అనడానికి.

"బాపూ" అంది వెనక నుంచి స్వర్ణ, మెల్లగా. "జర పక్కకు జరుగు. అడ్డమొస్తున్నవ్."

నేను నోరు మూసుకుని జరిగాను.