నవ్వితే లేచే పక్షి

తబేయా చేతులు ఊరికే ఉండగా చూసినవాళ్ళు ఆ దీవిలో లేరు. మొగలి ఆకు ఎండబెట్టడం, చీల్చడం, చాప అల్లడం. ఆవిడ అల్లిన చాపలో చీమ దూరే సందు కూడా ఉండదనేవారు. అలాంటి మనిషి అరవై దాటాక, మరి ఏం తోచిందో, ఓ పీచుతాడు రెండు కొసలూ కలిపి ముడేసి, వేళ్ళకు తగిలించుకుని మడుగు వైపు తిరిగి కూర్చోవడం మొదలుపెట్టింది.

వేళ్ళ మధ్య తాడుతో బొమ్మలు కట్టే తాడాట అక్కడ పిల్లలందరికీ వచ్చు. పడవ వేస్తారు, చుక్క వేస్తారు, పీత వేస్తారు. తబేయాకు కావలసింది మాత్రం వాళ్ళమ్మమ్మ వేసే పక్షి. రెక్క ఆడించకుండా సముద్రం మీద గాల్లో తేలే పెద్ద నల్లపక్షి. అమ్మమ్మ చేతుల మధ్య అది నిజంగానే లేచేది, రెక్కలు విప్పేది. అమ్మమ్మ ఫక్కున నవ్వేది, తాడు జారిపోయేది. ఆవిడతోనే ఆ పక్షీ పోయింది. కళ్ళు మూసేలోగా దాన్ని ఒక్కసారి చూడాలని తబేయా ఆశ.

ఎత్తులన్నీ గుర్తే. చిటికెన వేలి దారం బొటనవేలికి, అక్కణ్ణించి నడిమి వేలికి. తీరా ఆఖరున చేతులు దూరం జరిపితే పక్షి రాదు, బిగుసుకున్న ముడి వస్తుంది. నెల రోజులుగా ఇదే వరస.

ఆ మధ్యాహ్నం సముద్రపు పోటు మెల్లగా పైకొస్తోంది. నీటి మీది వెలుగు పాక కప్పులో ఊగుతోంది. ఎక్కడో సీమపనసకాయ నిప్పుల్లో కాలుతున్న వాసన. తబేయా కళ్ళు మూతలు పడుతున్నాయి, వేళ్ళు మాత్రం వాటి దారిన అవి పోతున్నాయి. పక్కనే ఆవిడ ఆడపడుచు రొటియా ఆకు చీలుస్తోంది.

"ఏమే తబేయా, ఆ తాడుతో చేపలేమైనా పడతాయా?"

"పక్షిని పడుతున్నా వదినా."

"పడితే కూరొండుతావా?"

"వండను. చూసి వదిలేస్తా."

"బాగుంది సంబడం! అక్కడ సగం చాప నోరు తెరుచుకుని పడుంది. ఆ పక్షినే వచ్చి అల్లమను. ముక్కుందిగా, సూది కూడా అక్కర్లేదు!"

చాప మీద ఒళ్ళొంచుకుని, కళ్ళద్దాలు పెట్టుకుని అల్లుతున్న పక్షి తబేయా మగత కళ్ళ ముందు నిలబడింది. ఒక్కసారిగా నవ్వొచ్చేసింది. భుజాలు ఊగాయి, చేతులు వదులయ్యాయి, దారం కాస్త జారింది.

పక్షి లేచింది.

రెండు రెక్కలూ మెల్లగా విచ్చుకున్నాయి, గాలికి తేలుతున్నట్టే. ఇన్నేళ్ళూ తబేయా తప్పుగా గుర్తుపెట్టుకుంది! పక్షి లేచాక అమ్మమ్మ నవ్వడం కాదు, అమ్మమ్మ నవ్వితేనే పక్షి లేచేది. తనేమో చాపలల్లిన చెయ్యి కదా, సందు మిగలకూడదని ఆఖరున ప్రతిసారీ బిగలాగేసింది.

మరుక్షణం తాడు జారి ఒళ్ళో పడింది. ఏమీ మిగల్లేదు. తబేయాకు బాధ కలగలేదు.

"అయ్యో, పోయిందే!" రొటియా చేతిలో ఆకు ఎప్పుడు కింద పెట్టిందో ఆవిడకే తెలీదు. "ఏదీ, ఇంకోసారి లేపు."

"నా చేతుల్లో ఏముంది వదినా? ముందు నువ్వు నవ్వించు."

రొటియా సగం చాప వైపు ఓసారి చూసి, దాన్ని కాలితో పక్కకు నెట్టి దగ్గరికి జరిగింది.