నాలుగో భుజం

మా కన్రీలలో ఎవరైనా పోతే పేరున్నవాళ్ళు నలుగురు మోయాలి. పేరున్నవాళ్ళంటే పలుకుబడి ఉన్నవాళ్ళని కాదు సుమా, కన్రీ అనే ఇంటిపేరున్న మగవాళ్ళని. ఇంటి గుమ్మం దగ్గర్నుంచి సముద్రపు ఒడ్డున ఉన్న పలకరాయి దాకా ఎవరు భుజం పట్టినా పట్టింపు లేదు. ఇరుగుపొరుగు పట్టొచ్చు, అల్లుళ్ళు పట్టొచ్చు. ఆ రాతి మీద శవపేటికను ఒకసారి దించుతారు. అక్కణ్ణుంచి తడి ఇసుక దాటి, ఎదురుగా ఉన్న లంక మీది సమాధుల దాకా ఆ నలుగురి భుజాల మీదే వెళ్ళాలి. సముద్రం పోటు మీద ఉన్నప్పుడు లంక చుట్టూ నీళ్ళే. నీళ్ళు వెనక్కి తీసినప్పుడే దారి బయటపడుతుంది. ఆలోపలే వెళ్ళాలి, పూడ్చాలి, తిరిగి రావాలి.

నేను కన్రీల ఆడపడుచును కాదు, కోడల్ని. ఊనా అంటారు నన్ను. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు ఈ సంగతి విని నవ్వాను. "మోసేవాడి ఇంటిపేరు పోయినవాడికి తెలుస్తుందా ఏమిటి?" అన్నాను. మా ఆయన కోల్మన్ నవ్వాడు గానీ, మా బావగారు తైగ్ నవ్వలేదు.

"వాడికి తెలియకపోతే నేలకి తెలుస్తుందమ్మాయ్," అన్నాడు.

మా బావగారు పెళ్ళి చేసుకోలేదు. ఆయన కాపురమంతా కన్రీల కథతోనే. తూర్పున మా పూర్వీకులు బతికిన కోరిబ్ సరస్సు ఒడ్డు నిన్న మొన్న ఖాళీ చేసి వచ్చినట్టు చెప్పేవాడు. ఏ తోపులో తేనె దొరికేదో, ఏ పాయలో చేపలు ఎదురెక్కేవో, పశువుల్ని ఏ రేవులో కడిగేవారో. ఆయన పుట్టి పెరిగింది ఈ రాళ్ళగుట్ట మీద! ఆ సరస్సును ఒక్కసారైనా కళ్ళతో చూడలేదు. ఆ భూమి ముందు కొంత బలమైన ఇంకో వంశం లాక్కుంది. మిగిలింది ఇంగ్లీషు సైనికులు లాక్కున్నారు. అప్పుడు ఫియన్ అనే పెద్దాయన ఉన్నవాళ్ళను వెంటేసుకుని పడమటికి నడిచాడు. భూమి అయిపోయి సముద్రం అడ్డొచ్చిన చోట ఆగాడు. ఆయన్ని పెట్టింది లంక మీదే.

"అన్నీ పోయాయి. ఆ లంక ఒక్కటి మిగిలింది, రాళ్ళు తప్ప ఏం పండవు గనక ఏ దొరా అడగలేదు," అనేవాడు బావగారు. "మన నలుగురు మోసుకెళ్ళినంత కాలం అది మన దేశం. పరాయివాడి భుజం మీద ఒక్క కన్రీ వెళ్ళాడా, ఇక అది ఉత్త శ్మశానం."

ఆ మాట విని విని మాకు అలవాటైపోయింది. దాని బరువు నాకు తెలిసింది మా ఆయన పోయిన ఏడు. నా కొడుకులు రోరీ, ఫెస్టీ ఇద్దరు. కొండ అవతల నుంచి వచ్చిన మా ఆయన చిన్నాన్న కొడుకు బార్ట్లీ మూడు. నాలుగోవాడు ఆ ముసలి వయసులో మా బావగారే. సొంత తమ్ముణ్ణి మోశాడు. ఇసుకలో కాలు కూరుకుపోతుంటే పళ్ళు బిగబట్టి మోశాడు. తిరిగొచ్చి పొయ్యి ముందు కూలబడి నావైపు చూశాడు.

"నన్ను మోసే రోజున నేను మోయలేను కదమ్మాయ్," అన్నాడు.

కన్రీ అన్న పేరుతో ఇంకో మగపిల్లవాడు ఈ చుట్టుపక్కల లేడు. మిగిలినవాళ్ళు ఓడలెక్కి పోయారు, లేదా లంక మీదే ఉన్నారు.

ఆ చలికాలం ఆయన మంచం పట్టాడు. మంచం వంటింట్లో పొయ్యి దగ్గరే వేశాం. అప్పుడు రోజూ వచ్చి చూసినవాడు మార్కస్ కింగ్. రేవు దగ్గర పడవలు చేసే మనిషి, బాగా పొడగరి. వాళ్ళ నాన్న స్టీఫెన్ ఎక్కడో తూర్పు నుంచి రేవుగోడ కట్టే పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. మార్కస్ ఊరికే రాడు, చేపలో, పొయ్యిలో మండించడానికి బురదనేల నుంచి కోసి ఎండేసిన మట్టి పెళ్ళలో పట్టుకొస్తాడు. కింగ్ అంటే ఇంగ్లీషు వాళ్ళ మాటలో రాజు. మా బావగారికి ఆ పేరు వింటేనే ఒళ్ళు మంట. తాతలెవరో దొరల పక్కన చేరి రాజుగారి పేరు తగిలించుకున్నారని ఆయన నమ్మకం.

"రాజావారు వేంచేశారా? సింహాసనం విరిగింది. ఆ ముక్కాలిపీట మీద కూర్చోండి," అనేవాడు.

"ఫరవాలేదు మామా, పన్ను కింద ఓ రొట్టెముక్క పారేయించు, కూర్చుంటాను," అనేవాడు మార్కస్.

ఊళ్ళో పెద్దవాళ్ళందర్నీ మామా అనే పిలుస్తాడు అతను. బంధుత్వం ఉండి కాదు, మర్యాద కోసం.

ఒకరోజు మధ్యాహ్నం వాన వెలిసింది. లంక కనబడేలా మంచం కిటికీ దగ్గరకు జరపమన్నాడు బావగారు. అది ఆయన తండ్రి చేసిన ఓక్ చెక్క మంచం, మా ఇల్లంత బరువు. నా కొడుకులిద్దరూ చెరోపక్క పట్టి ఈడిస్తే కోళ్ళు మట్టినేలలో దిగబడ్డాయి తప్ప కదల్లేదు.

"ఈడిస్తే విరుగుతుందర్రా," అన్నాడు మార్కస్, చేపల బుట్ట కింద పెట్టి. "పడవ లేపినట్టు లేపాలి. నేను పాట అందుకుంటాను. ఎత్తు అన్నప్పుడు ముగ్గురం ఒక్కసారే. మామా, నువ్వు గట్టిగా పట్టుకో, రాజ్యం కదులుతోంది."

తలాపు కింద చేతులు పెట్టి అందుకున్నాడు.

"మెల్లాక్లీ మక్‌డోనా, మక్కోర్మా, మక్‌బ్రీనా, మక్‌ఫీనా... ఎత్తు!"

మంచం లేచింది. కిటికీ దగ్గర దించారు. పిల్లలు చేతులు దులుపుకుంటున్నారు. మా బావగారి మొహం చూస్తే పాలిపోయి ఉంది. గుండె ఆగిపోతోందేమో అనుకున్నాను నేను.

"మళ్ళీ అను," అన్నాడు.

"ఏమిటి మామా?"

"ఆ పాట. మళ్ళీ అనరా!"

మార్కస్ మళ్ళీ అన్నాడు, ఈసారి కొంచెం సిగ్గుపడుతూ. పాట అనుకున్నాను గానీ, నెమ్మదిగా విన్నప్పుడు నా చేతిలో గిన్నె ఆగిపోయింది. మా పాత మాటలో మక్ అంటే కొడుకు. పలకరాయి దగ్గర మేం చదివే వరస అది! పోయినవాడి పేరు, తండ్రి పేరు, తాత పేరు, అలా ఫియన్ దాకా. డోనల్, కోర్మక్, బ్రియన్, ఫియన్. పలికి పలికి అరిగిపోయాయి, అంతే.

"ఎవరు నేర్పారు?" అన్నాడు బావగారు. గొంతులో కోపం. "మా తమ్ముణ్ణి మోసిన రోజున రాయి దగ్గర నిలబడి విన్నావు కదూ? విని పడవల పాట చేసుకున్నావు!"

"నీ మీద ఒట్టు, కాదు మామా. మా తాత పాట ఇది. నన్ను ఊయల ఊపినా ఇదే పాడేవాడు, పడవ లేపినా ఇదే. అర్థం ఆయనకీ తెలీదు. వాళ్ళ నాన్న పాడేవాడట, అంతే."

"అబద్ధం."

"బావగారూ," అన్నాను నేను, "మెల్లాక్లీ ఎవరు? మన వరసలో ఆ పేరు లేదే? మా ఆయన్ని మోసినప్పుడు పాడ్రిగ్ కొడుకు, రోరీ మనవడు, ఆ పైన డోనల్ అనే కదా చదివారు?"

ఆయన కళ్ళు మూసుకున్నాడు. పొయ్యిలో మట్టిపెళ్ళ విరిగి పడింది.

"మెలాక్లిన్," అన్నాడు చివరికి. "మా తాత రోరీకి సొంత తమ్ముడు. బంగాళాదుంపలు కుళ్ళిపోయిన కాలంలో పెళ్ళాం పోతే, కొడుకును భుజాన వేసుకుని తూర్పుకి నడిచాడు. మా సరస్సు దగ్గర తిండి దొరుకుతుందేమో చూస్తానన్నాడట. మళ్ళీ కబురు లేదు. మన నేరు వరసలో లేడు, లంక మీద సమాధీ లేదు, అందుకే ఆ పేరు రాయి దగ్గర రాదు. ఇంట్లో పెద్దకొడుక్కి మాత్రం చెప్పి పోతారు. మా నాన్న నాకు చెప్పాడు. నేను ఈ నోటితో ఎవరికీ చెప్పలేదు, కోల్మన్‌కి కూడా."

ఎవరికీ చెప్పని పేరు మార్కస్ ఎక్కడ వింటాడు? అతను మెలాక్లిన్ వంశంవాడని మా అందరికీ ఒకేసారి అర్థమైంది. మార్కస్ ముక్కాలిపీట మీద కూర్చున్నాడు.

"మరి ఈ కింగ్ ఎక్కణ్ణుంచి వచ్చింది?" అన్నాడు రోరీ.

మార్కస్ టోపీ తీసి నలుపుతూ చెప్పాడు. "మా తాత షాన్‌ని చిన్నప్పుడే, వాళ్ళ నాన్న పోయాక, అనాథల ఇంట్లో చేర్చుకున్నారట. గుమాస్తా పేరు అడిగితే తాత చెప్పాడు. ఆ గుమాస్తాకి మన మాట సగమే వచ్చు. ఓహో, చివర రీ ఉంది, రీ అంటే రాజు, అని ఇంగ్లీషులో కింగ్ అని రాసేశాడట. మంచి పేరే ఇచ్చాడులే అని మా తాత నవ్వేవాడు. అసలు పేరేమిటో పెద్దయ్యేసరికి ఆయనకి గుర్తు లేకపోయింది."

"సగం మాట వచ్చినవాడు మొత్తం రానివాడికంటే ప్రమాదం," అన్నాడు బావగారు. "అది రాజు కాదురా. వినడానికి అలా ఉంటుంది. మైదానం అని అర్థం. మక్ కన్రీ అంటే మైదానపు వేటకుక్క కొడుకు."

మార్కస్ టోపీ మళ్ళీ తలకి తగిలించాడు. "అంటే ఇన్నాళ్ళూ నేను రాజు కొడుకుననుకుంటుంటే, కుక్క కొడుకునంటావు."

ఫెస్టీ పకపకా నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది. బావగారు మాత్రం మొహం కిటికీవైపు తిప్పుకున్నాడు.

ఆ తర్వాత చాలా రోజులు ఆయన ఆ ఊసెత్తలేదు. మార్కస్ మామూలుగా వస్తున్నాడు, చేపలు ఇస్తున్నాడు. రాజావారు అన్న మాట ఆగిపోయింది. దాని బదులు ఏమీ లేదు. నాకది మరీ కష్టంగా ఉండేది. జీవితమంతా పరాయివాడని తిట్టినవాణ్ణి ఒక్క పూటలో నావాడు అనడం ఎవరికి మాత్రం తేలిక? అటు చూస్తే ఆయన చిక్కిపోతున్నాడు. చూపు మాత్రం లంక మీద.

ఒకనాడు పొద్దున్నే మార్కస్ వచ్చి గుమ్మంలో బూట్లు విదిలిస్తూ, "ఎలా ఉంది మామా?" అన్నాడు.

"ఇకమీదట నన్ను మామా అనకు," అన్నాడు బావగారు.

మార్కస్ మొహం చిన్నబోయింది. బుట్ట అక్కడే దించేసి వెనక్కి తిరిగాడు. నేను వెళ్ళి చెయ్యి పట్టుకున్నాను.

"ఎక్కడికయ్యా? మామంటే వేరే ఇంటివాడు. మీ నాన్న స్టీఫెన్, ఈయన వరసకి అన్నదమ్ములు. ఈయన పెద్ద. ఏమవుతాడు నీకు?"

అతను గుమ్మం దాటి లోపలికొచ్చాడు. "పెదనాన్నా," అన్నాడు.

"ఊఁ," అన్నాడు బావగారు, అటే తిరిగి. "ఏ భుజం వాటం నీకు?"

"కుడి."

"బార్ట్లీ పొట్టివాడు. వాడి పక్కన నిలబడితే పెట్టె ఒరుగుతుంది. చూసుకోండి."

మార్చి గాలుల్లో పోయాడు ఆయన. ఫాదర్ హెవిన్ వచ్చి జపమాల చెప్పించాక నన్ను పక్కకు పిలిచాడు.

"సముద్రం బాగా లేదు ఊనా. నలుగురు కూడా లేరంటున్నారు ఊళ్ళో. చర్చి పక్కన కొత్త శ్మశానంలో తవ్వించమంటావా? దేవుడికి రెండూ ఒకటేనమ్మా."

"దేవుడికి ఒకటే ఫాదర్. మా బావగారికి కాదు. నలుగురున్నారు," అన్నాను.

పలకరాయి దగ్గర శవపేటిక దించారు. నీళ్ళు తీశాయి గానీ గాలి పడమటిది, అవి త్వరగానే తిరిగొచ్చేలా ఉన్నాయి. ఫెస్టీ వరస చదివాడు: తైగ్ మక్ పాడ్రిగ్ మక్ రోరీ మక్ డోనల్ మక్ కోర్మక్ మక్ బ్రియన్ మక్ ఫియన్. ఎక్కడా తడబడలేదు. తర్వాత మోసేవాళ్ళు ఒక్కొక్కరే తమ పేరూ వరసా చెప్పుకోవాలి. రోరీ చెప్పాడు, ఫెస్టీ చెప్పాడు, బార్ట్లీ చెప్పాడు. మార్కస్ ముందుకొచ్చాడు.

"ఆగు," అన్నాడు బార్ట్లీ. కొండ అవతలి మనిషి, పాపం అతనికేమీ తెలీదు. "నువ్వు కింగ్‌వి కదయ్యా? వదినా, ఏమిటిది? తైగ్ అన్న బతికుంటే ఈ పని చెయ్యనిచ్చేవాడా?"

ఊరి జనమంతా చూస్తున్నారు. రోరీ ఏదో చెప్పబోయాడు. నేను వాడి చెయ్యి పట్టి ఆపాను. ఆ రాయి దగ్గర ఎవరి పేరు వాళ్ళే చెప్పుకోవాలి, ఇంకొకరు చెప్పకూడదు.

"అతన్ని పేరు చెప్పనీ బార్ట్లీ. విన్నాక నీకు నచ్చకపోతే పెట్టె ఇంటికి తీసుకుపోదాం," అన్నాను.

నా ఉన్ని శాలువా తీసి నాలుగు మడతలు వేసి, బార్ట్లీ భుజం మీద పెట్టాను, పెట్టె ఒరగకుండా. అతను వద్దనలేదు, ఊఁ అనలేదు. నలుగురూ పెట్టె పక్కన వంగారు.

మార్కస్ టోపీ తీశాడు. "మార్కస్," అన్నాడు, ఆగాడు. "మక్ స్టీఫెన్. మక్ షాన్." మళ్ళీ ఆగాడు. ఆ తర్వాతవి మాట్లాడినట్టు చెప్పడం అతనికి రాలేదు. అవి అతనికి ఎప్పుడూ మాటలు కావు. కళ్ళు మూసుకుని, పడవ దగ్గర పాడినట్టే, ఊయలలో విన్నట్టే పాడాడు. మెల్లాక్లీ మక్‌డోనా, మక్కోర్మా. గాలికి ఆ పాట లంక దాకా వినిపించి ఉంటుంది. బార్ట్లీ తల ఎత్తి నన్ను చూశాడు. అతనూ డోనల్ మునిమనవడే. ఆ పేర్లు అతనికి ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. మక్‌బ్రీనా, మక్‌ఫీనా.

ఆ పాట చివర ఒక మాట ఉంది కదా. అది శ్మశానానికి తగిన మాట కాదు, పడవల మాట. అలవాటుగా మార్కస్ నోట అదీ వచ్చేసింది.

"ఎత్తు!"

నాలుగు భుజాలూ ఒక్కసారే లేచాయి. బార్ట్లీ భుజం కూడా.