రబ్బరు గొట్టాల మీద రెండు రోజులు

ఒహాయోలో హైవే మీంచి మా ఊళ్లోకి దిగే చోట మొక్కజొన్న చేలు పోయి ఇళ్లు లేచాయి. అక్కడ మొట్టమొదటి ఇల్లు కొన్నది నేను. తరవాత వచ్చిన నాలుగు వందల కుటుంబాలనీ "ఊరు పాడుచేశారు" అని తిట్టేదీ నేనే. సిగ్గన్నది ఉంటేగా.

మా కాలనీ ముందు రోడ్డుకి అవతలి పక్కన మా అక్క డార్లీన్ దుకాణం. కాఫీ, 'ఆపిల్ పై' అనే తీపి వంటకం. కాలనీవాళ్లే ఆవిడ బేరాలు. కానీ ఆ కార్ల వరదలో ఎడమకి తిరగాలంటే పావుగంట. జనం విసిగి రావడం తగ్గించారు.

"సిగ్నల్ పడకపోతే ఈ ఏడు గట్టెక్కనురా లైల్," అంది అక్క.

"నాకొదిలెయ్యక్కా," అన్నాను.

ఏప్రిల్లో కౌంటీవాళ్లు వచ్చే పోయే కార్లు లెక్కపెట్టడానికి రోడ్డుకి అడ్డంగా రబ్బరు గొట్టాలు పరిచారు. కార్లు ఎక్కువుంటే సిగ్నల్ వస్తుంది. ఇంత సులువు బుర్రకి తట్టాక ఊరుకుంటానా? శనివారం పొద్దున్నే బయల్దేరాను. గొట్టం మీంచి వెళ్లడం, పెట్రోల్ బంకు దగ్గర తిరగడం, మళ్లీ గొట్టం మీంచి రావడం. మీరూ తిరగండని కాలనీ గ్రూపులో కూడా పెట్టాను. ఆదివారం చర్చి అవగానే జనం కార్లేసుకుని దిగారు.

"లైల్, నాది అరవై రెండోసారి!" అని అద్దం దించి అరిచింది డెబ్బై ఏళ్ల ఇర్మా.

నాది మూడు వందల పదకొండు. కొరివితో తల గోక్కుంటున్నానని అప్పుడెవరు చెప్పినా వినేవాణ్ణి కాదు.

జూన్లో టౌన్‌షిప్ హాల్లో మీటింగ్ పెట్టారు. "మేమనుకున్నదానికి మూడు రెట్లున్నాయి కార్లు," అంది కౌంటీ ఇంజినీరమ్మ. అందరం చప్పట్లు కొట్టాం. నేనైతే లేచి నిలబడి మరీ కొట్టాను.

"ఇన్ని కార్లున్నప్పుడు ఇక్కడ సిగ్నల్ పెట్టకూడదండీ. ఆగిన కార్ల వరస హైవే దాకా పోతుంది. అందుకని రోడ్డు మధ్యలో సిమెంటు గోడ కడుతున్నాం. ఇక ఎడమకి తిరగడం ఉండదు."

చప్పట్లు ఆగాయి. నావి ఇంకో రెండు పడ్డాయి.

"అమ్మా, ఆ లెక్క తప్పు. నేనే తిరిగానండీ, పదే పదే," అన్నాను.

"మీరొక్కరే ఇన్ని వేల సార్లా?"

ఇర్మా పైకప్పు చూస్తోంది. మిగతావాళ్లు బూట్లు చూసుకుంటున్నారు. నేనూ కూర్చున్నాను.

సెప్టెంబర్లో గోడ లేచింది. ఐదు మైళ్లు చుట్టు తిరిగి అక్క దుకాణానికి వెళ్లాను. కుర్చీలన్నీ ఖాళీ.

"నెలాఖరుకి మూసేస్తున్నా," అంది అక్క.

ప్రాణం ఉసూరుమంది. "నన్ను తిట్టక్కా. నాలుగు తన్నినా పడతాను."

అక్క ఒక 'ఆపిల్ పై' ముక్క నా ముందు పెట్టి, ఎదురుగా కూర్చుంది.

"ఏ మొహం పెట్టుకుని తిట్టనురా? ఆ ఆదివారం కొట్టు కట్టేసి, వ్యానేసుకుని నేనూ నలభై సార్లు తిరిగాను."