బరువైన చొక్కా, చవకైన ధర

రేసుకోర్సు గోడకి వీపు ఆనించుకుని ఉండేది ఆ ఇస్త్రీ దుకాణం. ముందు గదిలో ఊళ్ళోవాళ్ళ ప్యాంట్లూ దుప్పట్లూ, వెనక గదిలో జాకీల పట్టుచొక్కాలు. రేసులున్న ఆదివారం పొద్దున్నే కోడలు చొక్కాల మీద పలచటి గుడ్డ పరిచి నీళ్ళు చిలకరించేది, అత్తగారు ఇస్త్రీ పెట్టె అందుకునేది. ఆ ఇంటి మగవాడు, అంటే ఒకరికి కొడుకూ ఇంకొకరికి మొగుడూ, ఇస్త్రీ అయినవాటిని తోపుడుబండి మీద గుర్రపుశాలలకి చేరవేసేవాడు. ముగ్గురిలో ఎక్కువ మూలిగేది అతనే.

మూలగడానికి కారణం లేకపోలేదు. రేసు రోజు పొద్దున కొన్ని చొక్కాలు బరువెక్కేవి. గెలుపు దగ్గర్లో ఉన్న చొక్కా తడి దుప్పటిలా తూగేది. ఆశ లేనిది ఉల్లిపొరలా గాలికి లేచేది. కాటా మీద పెడితే అన్నీ ఒకటే, చేతికి మాత్రమే తేడా తెలిసేది. సాయంత్రం ఉతుక్కి తిరిగొచ్చేసరికి బరువంతా దిగిపోయి మళ్ళీ అన్నీ ఉల్లిపొరలే. ఆ వీధిలో దీన్ని ఎవరూ వింతగా చూసేవాళ్ళు కాదు. అత్తగారైతే బరువైన చొక్కాకి రేటు పెంచి వసూలు చేసేది, అంతే.

మరి ఆ బరువు పట్టుకుని పందేలు కాసి ఎవరూ మేడలు కట్టలేదా? కాసినవాళ్ళు కాశారు. కానీ చొక్కా బరువెక్కిన గుర్రం బాగుందని సాధారణంగా ఊరందరికీ తెలిసే ఉండేది, కాబట్టి దాని మీద పందేలు కట్టించుకునే బుకీలు విదిలించేది చిల్లర. నాలుగు గెలుపుల చిల్లర ఒక్క ఓటమితో ఊడ్చుకుపోయేది. మగవాళ్ళు తమ తెలివిని తిట్టుకోలేక చొక్కాల్ని తిట్టుకుని ఊరుకున్నారు.

ఆ దుకాణం మేడ మీది గదిలో పిచ్చుక అద్దెకుండేది. జాకీ. పిడికెడు మనిషి, గుర్రం ఎక్కితే మాత్రం దాని చెవుల మధ్య మాట్లాడుతూ పోయేది. ఆమె ట్రైనర్ ఎప్పుడూ ముసలి గుర్రాలూ మొండి గుర్రాలూ ఏరి ఆమె కిందికి తోసేవాడు. అవి వెనకబడితే, చూశారా, ఆడపిల్లని ఎక్కిస్తే ఇంతే అనేవాడు. కాళ్ళు కట్టేసి ఈత రాదనే రకం. ఈ సీజన్ ముగియగానే స్వారీ మాన్పించి శాలలో లద్దె ఎత్తే పనికి పెడతానని ఆమె మొహం మీదే చెప్పాడు.

ఆ ట్రైనర్ ప్రతి రేసు ఆదివారం వేసుకున్న ప్యాంటు విప్పి ఇచ్చి, తెర వెనక చెడ్డీతో నిలబడి ఇస్త్రీ చేయించుకునేవాడు. ఒక్క ప్యాంటుకి ఇచ్చే డబ్బులకి కూడా గీచి గీచి బేరమాడేవాడు. ఒక ఆదివారం కోడలు ఆగలేకపోయింది.

"పిచ్చుకకి ఒక్కసారి మీ నల్లగుర్రం ఇచ్చి చూడచ్చు కదండీ."

"ఆమె ఎక్కితే ధర ఎంతుంటుందో విన్నావా అమ్మాయ్? ఒకటికి నలభై, రూపాయి కాస్తే నలభై రూపాయలు," అన్నాడు తెర వెనక నుంచి. "గెలవదని తెలిస్తేనే బుకీ అంత ఇస్తానంటాడు. ఇంత జనం కలిసి కట్టిన ధర తప్పవుతుందా?"

"అవుతుంది. కావాలంటే పరీక్ష పెట్టుకుందాం."

చెడ్డీతో ఉన్న మనిషి తొందరగా వెళ్ళలేడు కాబట్టి విన్నాడు. చొక్కాల నుంచి ఊడిపోయిన గుండీలు ఒక డబ్బా నిండా ఉన్నాయి. ఇద్దరూ చెరో గుప్పెడు తీసుకోవాలి. ప్రతి రేసులో ఆయన జనం మెచ్చిన గుర్రం మీద కాయాలి, ఆమె చొక్కాల్ని చూసి కాయాలి. రేసుకోర్సు మైకులో చెప్పిన ధరకే అత్తగారు గుండీలు చెల్లిస్తుంది. సీజన్ చివర ఆమె దగ్గర ఎక్కువుంటే పిచ్చుకకి నల్లగుర్రం. ఆయన దగ్గర ఎక్కువుంటే పిచ్చుక మాట ఇక ఎత్తకూడదు, వచ్చే సీజనంతా ప్యాంటు ఇస్త్రీ ఉచితం. రెండో షరతు వినగానే అత్తగారికి పొలమారింది.

మొదట్లో కోడలు అందరూ చేసిన పొరపాటే చేసింది. ఏ చొక్కా బరువైతే దాని మీద కాసింది. చాలాసార్లు గెలిచింది కూడా. అయినా గుప్పెడు పెరగలేదు, పైగా పల్చబడుతూ వచ్చింది. ట్రైనర్ కాసే గుర్రమూ ఆమె కాసే గుర్రమూ తరచు ఒకటే కావడం ఇంకో అవమానం. చివరికి అత్తగారు ఇస్త్రీ పెట్టె ఆపి అడిగింది.

"ఏమే, టమాటాలకి వెళ్తే గంపలో అన్నిటికన్నా పెద్దది ఏదా అని చూస్తావా, ఇచ్చిన డబ్బులకి ఏది ఎక్కువొస్తుందా అని చూస్తావా?"

"ఎక్కువొచ్చేది."

"మరి గుర్రాల దగ్గరికొచ్చేసరికి ఆ బుర్ర ఎక్కడ తాకట్టు పెట్టావు?"

కోడలు నీళ్ళచెంబు కింద పెట్టేసింది. చూడాల్సింది బరువొక్కటే కాదు. ఆ బరువుని బుకీ ఎంతకి అమ్ముతున్నాడో చూడాలి. ఆ రోజు నుంచి ఒక్కో రేసు చొక్కాల్ని బరువు వరసలో తాడుకి వేలాడదీసింది. మైకులో ధరలు చెప్పగానే ఒక్కో హ్యాంగరు మీద సుద్దముక్కతో రాసింది. బరువు వరసా ధరల వరసా ఒకటైతే చేతులు కట్టుకుని కూర్చుంది. బరువులో ముందుండీ, గెలవదులే అని బుకీ ఒకటికి ఎంతో ఇస్తానంటున్న చొక్కా కనిపిస్తే ఒక్క గుండీ పెట్టింది.

ఓడింది. మళ్ళీ ఓడింది. ట్రైనర్ తెర వెనక ఈలపాట అందుకున్నాడు. ఆ తర్వాత రేసులో ఎవరూ పట్టించుకోని చారల చొక్కా, ఒకటికి పద్దెనిమిది, గోడ అవతల అందరికన్నా ముందు దూసుకొచ్చింది. అత్తగారు గుండీలు దోసిలితో పోసింది. మళ్ళీ మూడు ఓటములు, ఒక గెలుపు, ఇంకో దోసిలి. ఎక్కువ రేసులు ఓడుతూనే ఉంది, తన గుండీలకని విడిగా పెట్టుకున్న డబ్బా మాత్రం నిండుతూనే ఉంది. ఇంట్లో ఎవరికీ అన్నం సహించడం లేదు. మైకు గరగరమంటే చాలు, ప్యాంటు మీద ఇస్త్రీ పెట్టె వదిలేసి అత్తాకోడళ్ళు గోడకి వేసిన నిచ్చెన దగ్గరికి పరుగెత్తేవాళ్ళు. ఇద్దరు పెద్దమనుషుల ప్యాంట్లు అలాగే మాడిపోయాయి. వాళ్ళకి కారణం చెప్తే, పోనీలెండి, ఏ గుర్రం గెలిచింది అని అడిగారు.

చివరి ఆదివారం, చివరి రేసు మిగిలింది. కోడలి డబ్బా ట్రైనర్ గుప్పెడు కన్నా బాగా నిండుగా ఉంది. ఈ రేసు వదిలేసి ఊరుకుంటే చాలు, గెలుపు ఆమెదే.

అప్పుడు పిచ్చుక మెట్లు దిగి వచ్చింది, చేతిలో ఊదారంగు చొక్కా. డబ్బు మిగులుతుందని ఆమె ఎప్పుడూ తన చొక్కా తనే పైన ఉతికి ఇస్త్రీ చేసుకునేది. ఈ రోజు ఆమె పెట్టె కాలిపోయింది.

"ఇటియ్యి," అంది అత్తగారు. "ఆఖరి స్వారీ. డబ్బులక్కర్లేదు."

చొక్కా చేతిలో పడగానే అత్తగారు ముందుకి తూలింది. కోడలు పట్టుకోబోయి తనూ వంగిపోయింది. ఇద్దరూ కలిసి తాడుకి వేస్తే తాడు నేలకి జారింది.

"ఏంటమ్మా ఈ బరువు?"

"చొక్కాలన్నీ ఇంతే ఉంటాయి కదా పెద్దమ్మా," అంది పిచ్చుక. "వేరేవాళ్ళవి నేనెప్పుడు పట్టుకున్నాను?"

మైకు పలికింది. ముసలి బూడిదగుర్రం, స్వారీ పిచ్చుక, ఒకటికి నలభై.

కోడలు డబ్బా మూత తీసింది. పిచ్చుకకి అర్థమై ఆమె చెయ్యి పట్టేసుకుంది.

"వద్దు వదినా. నువ్వు గెలిచి ఉన్నావు. నా గుర్రానికి మోకాళ్ళు లేవు. కూర్చో, నీకు దణ్ణం పెడతాను."

"ఇంత బరువు ఇంత చవగ్గా ఎప్పుడూ రాలేదు. ఇప్పుడు కాయకపోతే ఇన్నాళ్ళూ నేను ఆడిందంతా నాటకం." కోడలు చెయ్యి విడిపించుకుంది. "నువ్వు ఒకటికి నలభై మనిషివి కావు. ఆ మాట మీద ఎవరో ఒకరు కాయాలి కదా."

డబ్బా మొత్తం ఊదా చొక్కా కింద బోర్లించింది. అత్తగారు ఇస్త్రీ పెట్టె అందుకుంది. అంత శ్రద్ధగా ఆమె పెళ్ళిబట్టలు కూడా ఇస్త్రీ చేసి ఉండదు.

నిచ్చెన మీంచి కనబడేది ఆఖరి మలుపూ గెలుపు గీతా మాత్రమే. కోడలు పై మెట్టు మీద, అత్తగారు కింది మెట్టు మీద ఆమె చీర కుచ్చెళ్ళు పట్టుకుని.

"ఏమైందే? చెప్పు."

"మలుపు దగ్గర దుమ్ము. ఊదా లేదు. లేదు. అత్తయ్యా, ఉంది. వెనక నుంచి వస్తోంది."

అత్తగారు ఇంకో రెండు మెట్లెక్కింది. ముసలిగుర్రం మోకాళ్ళు మర్చిపోయింది. పిచ్చుక దాని మెడ మీద పడుకుని చెవిలో ఏదో చెప్తోంది. ఒక్కో గుర్రమూ వెనక్కి జారుతోంది. ముందు ఒక్కటే మిగిలింది, జనం మెచ్చినది, ట్రైనర్ గుండీలు మోస్తున్నది. పక్కకొచ్చింది. పక్కనే ఉంది. గీత దాటేటప్పుడు ఊదా చొక్కా తల తేడాతో వెనక ఉంది.

ఇద్దరూ నిచ్చెన మీద అలాగే ఉండిపోయారు. దిగడం ఎలాగో మర్చిపోయినట్టు.

సాయంత్రం ట్రైనర్ వచ్చాడు. గెలిచినవాడి నడక. అత్తగారు మాటకి కట్టుబడి గుండీలన్నీ ఆయన ముందుకి తోసింది. కోడలు మొహం ఎత్తలేదు. తోపుడుబండి వచ్చింది. ఉతుక్కొచ్చిన చొక్కాలు కుప్పగా పడ్డాయి, ఈసారి పిచ్చుకది కూడా వాటిలోనే ఉంది, దారిలో రెండు గాలికి ఎగిరిపోతే పట్టుకొచ్చానని మగవాడు మూలిగాడు.

"వచ్చే సీజన్ ఇస్త్రీలు గుర్తుంచుకోండమ్మా," అంటూ ట్రైనర్, పిచ్చుకకి ఇక అక్కర్లేని తన శాల చొక్కాని పక్కకి తీసి పెట్టబోయాడు. రెండు వేళ్ళతో ఊదా చొక్కా అంచు పట్టుకుని లాగాడు. రాలేదు. చేత్తో లాగాడు. రెండు చేతులా ఎత్తాడు, భుజాలు కుంగాయి.

రేసు అయిపోయింది. గుర్రం శాలలో మేత తింటోంది. మిగతా చొక్కాలన్నీ ఉల్లిపొరలైపోయాయి. ఇది మాత్రం పొద్దున ఎంత ఉందో అంతే ఉంది.

ఆయన చాలాసేపు దాన్ని మోస్తూ నిలబడ్డాడు. కోడలు ఇప్పుడు మొహం ఎత్తి చూస్తోంది. ఈ బరువు గుర్రానిది కాదు, ఎక్కిన మనిషిదని చొక్కాయే చెప్తోంది.

ట్రైనర్ ఊదా చొక్కాని జాగ్రత్తగా బల్ల మీద పెట్టి, బయట ఉన్న తన కారు దగ్గరికి వెళ్ళి వచ్చాడు. చేతిలో నల్లగుర్రం జాకీ వేసుకునే పసుపు చొక్కా.

"వచ్చే సీజన్‌కి ఇది తగ్గించి కుట్టాలి," అన్నాడు గోడకేసి చూస్తూ. "భుజాలు, చేతులు, అన్నీ."

"ఎవరి కొలతలకో చెప్పాలి మరి," అంది అత్తగారు, తెలిసే.

"మేడ మీది పిల్లకి."

"అర్జెంటు పని, రేటు రెండింతలు."

ట్రైనర్ బేరమాడలేదు. గెలుచుకున్న గుండీలు డబ్బా దగ్గరికి తోసి, ఇందులోంచే కుట్టండి అన్నాడు.