చెంపకు తెలిసిన కాగితం

పదకొండింటికి అక్కను ఆసుపత్రిలో చేర్చాలి. మర్నాడు ఎడమ దవడలో గడ్డ తీసేస్తారు, దాంతోపాటు సగం చెంపా పోతుందని డాక్టరు దాచకుండా చెప్పేశాడు. ఆలోపు తన ముఖం చెల్లెలి చేత్తో బొమ్మగా ఉండాలని అక్క పట్టు. ఫొటోలు చాలవా అంటే, ఏ ఫొటోలో చూసినా ఆవిడ కళ్లు మూసుకునే ఉంటుంది, పెళ్లి ఫొటోతో సహా.

సుద్దముక్కల్లాంటి పాస్టెల్ రంగులతో ముఖాలు వేయడంలో చెల్లెలిది తిరిగిన చెయ్యి. అయినా తొమ్మిదిన్నరకు పని అడ్డం తిరిగింది. రెండో పూతకే రంగు నిలవడం మానేసింది. రంగు పట్టిందో లేదో చూడ్డానికి ఎప్పుడూ చేసేట్టే, కాగితం అంటించిన అట్ట వెనక వేలి కణుపుతో తట్టింది. బొమ్మలో ఎడమ చెంప మొత్తం పొడిపొడిగా ఒళ్లో రాలింది.

తప్పు తెలిసిపోయింది. కాగితానికి ఒక పక్క గరుకు, ఒక పక్క నునుపు. రంగును పట్టుకునేది గరుకే. రంగులు రుద్దీ రుద్దీ ఆమె వేళ్లు మొద్దుబారాయి కాబట్టి, ఏ పక్క ఏదో తన చెంపకు రాసుకుని చూస్తుంది. ఇరవై ఏళ్ల అలవాటు. ఇవాళ అక్క ఎదురుగా కూర్చుంటే చెంపకు ఆనించుకోవడానికి మనసొప్పలేదు. నునుపు పక్క పైకి పెట్టి అంటించేసింది. మొహమాటానికి పోతే ఇంతే మరి. ఇంట్లో ఉన్న కాగితమూ అదొక్కటే, ఊడదీయబోతే చిరిగింది.

ఆసుపత్రికి సర్దిన పెట్టె పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ బావ వడ్రంగి. సంగతి విని, పనిసంచిలోంచి చెక్కకు రుద్దే ఉప్పుకాగితాలు నాలుగు తెచ్చి బల్ల మీద పరిచాడు. ఉపాయం బాగానే ఉంది. కానీ మరీ గరుకైతే రంగంతా తినేస్తుంది, మరీ సన్నమైతే కథ మళ్లీ మొదటికొస్తుంది. ఇంకో తప్పుకు టైము లేదు. చెల్లెలికి వేలితో ఎంత తడిమినా ఏమీ తెలియడం లేదు.

“ఇలా తే,” అంది అక్క.

ఒక్కో కాగితాన్నీ తన ఎడమ చెంపకే, గడ్డ ఉబ్బిన చోటే, ఆనించుకుంది. మూడోది ముందుకు తోసింది.

“ఇది. పొద్దున నువ్వు చూసుకోలేదని నాకప్పుడే తెలుసు.”

“మరి చెప్పొచ్చుగా అక్కా?”

“ఎందుకు చూసుకోలేదో కూడా తెలిసిందిగా. ఎలా చెప్పనే?”

చెల్లెలు దాన్ని మరో అట్టకు అంటించి బొమ్మ మళ్లీ మొదలుపెట్టింది. వేలితో రుద్దితే ఆ గరుకుకు చర్మం లేచిపోతుందని గీత మీద గీత వేసుకుంటూ పోయింది. బయల్దేరడానికి ఐదు నిమిషాలుందనగా బావ పెట్టె ఎత్తాడు.

అక్క లేచొచ్చి, బొమ్మ చూడకముందే అట్ట వెనక కణుపుతో గట్టిగా తట్టింది. చిటికెడు పొడి రాలింది. చెంప నిలిచింది.

అప్పుడు చూసుకుంది, చాలాసేపు.

“ఇక తీసేస్తే తీసెయ్యనీ,” అంది, చెప్పులు వేసుకుంటూ.